ఇంప్లాంట్ ఒరిగితే ఎముకకు భారమేనా?

పోయిన పంటి స్థానంలో దవడ ఎముకలోకి దించే లోహపు వేరే పంటి ఇంప్లాంట్. దాని విషయంలో మొదట్లో అందరినీ వేధించిన ప్రశ్న ఒక్కటే: లోహం ఎముకకు అతుక్కుంటుందా? 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం ఊడి రాకపోవడం పరిశోధకుడు పర్-ఇంగ్వర్ బ్రానెమార్క్ కంటపడింది. 1965లో తొలి రోగికి ఇంప్లాంట్లు అమర్చారు. ఈ ఫలితాలను చర్చించిన 1982 టొరొంటో సమావేశం తర్వాత ఉత్తర అమెరికా దంతవైద్యులకూ నమ్మకం కుదిరింది.

అసలు చిక్కు ఆ అతుక్కోవడంలోనే ఉంది. సహజమైన పంటి వేరు చుట్టూ సుమారు 0.2 మి.మీ. మందాన మెత్తటి పొర ఉంటుంది. నమిలినప్పుడు పన్ను అందులో కాస్త కదులుతుంది. ఇంప్లాంట్‌కు ఆ వెసులుబాటు లేదు. బరువంతా నేరుగా ఎముక మీదే పడుతుంది, అదీ ఎక్కువగా ఇంప్లాంట్ మెడ, అంటే చిగురు వైపుండే దాని పై కొస, దగ్గరున్న ఎముక గట్టి పైపొర మీద. నిలువుగా వచ్చే బలాన్ని ఎముక బాగానే మోస్తుంది. ఏటవాలు బలం ఇంప్లాంట్‌ను వంచబోతుంది కాబట్టి ఆ మెడకు ఒక పక్క నొక్కుడు, మరో పక్క లాగుడు.

కింది దవడలో వెనకవైపు నరం అడ్డం. అందుకే తొలినాళ్లలో ఇంప్లాంట్లన్నీ ముందు భాగంలోనే దించి, వెనక పళ్లను ఆధారం లేకుండా వేలాడదీసేవారు. ఆ కొసన నమిలితే చివరి ఇంప్లాంట్ చుట్టూ ఒత్తిడి పెరిగేది.

1970లలో ఎముక మీద పడే ఒత్తిడిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు వచ్చాయి. వాలు పెరిగితే మెడ దగ్గర ఒత్తిడీ పెరుగుతుందని అవి చూపాయి. దాంతో నిటారుగా దించాలన్న నియమం బలపడింది. 2003లో లిస్బన్‌కు చెందిన దంతవైద్యుడు పాలో మాలో బృందం కింది దవడలో నాలుగే ఇంప్లాంట్లు పెట్టి, వెనక రెంటినీ ఒరిగించిన ఫలితాలు ప్రచురించింది. నియమానికి ఎదురెళ్లినట్టే కనిపించినా, ఒరిగించడం వల్ల ఆధారం వెనక్కి జరిగి, వేలాడే భాగం పొట్టిదైంది. నాలుగూ ఒకే కట్టుడు వరుసతో బిగిసి ఉండటంతో భారం పంచుకున్నాయి. ఒంటరిగా ఒరిగిన ఇంప్లాంట్‌కు ఈ లాభం దక్కదు. కాబట్టి కోణాన్ని మాత్రమే దోషిగా నిలబెట్టడం తొందరపాటే.

నమూనాల అంకెలనూ అతిగా నమ్మకూడదు. చాలావాటిలో ఎముక అంతటా ఒకేలా ఉందని, ఇంప్లాంట్‌కు నూటికి నూరు శాతం అతుక్కుందని అనుకొని లెక్క కడతారు. రెండు స్థానాల్లో ఏది మేలో పోల్చడానికి అవి పనికొస్తాయి, ఫలానా రోగి ఎముక ఎంత అరుగుతుందో చెప్పలేవు. పైగా చిగుళ్ల ఇన్ఫెక్షన్ కూడా అదే మెడ దగ్గర ఎముకను తినేస్తుంది. నష్టంలో ఒత్తిడి వాటా ఎంతన్న వాదన అందుకే ఇంకా నడుస్తోంది.