చేతి టార్చి లైటు: డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి

మాచర్లలో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. వానాకాలం మొదలైతే బల్ల మీద సగం టార్చి లైట్లే ఉంటాయి. కొత్తగా కొన్నవాళ్ళు తెచ్చి చూపించి, "ఇది లక్ష ల్యూమెన్లంట, నిజమేనా అన్నా?" అంటారు. (ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగుకు కొలత.) నేను మాత్రం వెనక మూత తిప్పి సెల్లు బయటికి తీస్తాను. లైటు బండారం చాలావరకు అక్కడే బయటపడుతుంది.

అపోహ: ఎన్ని ల్యూమెన్లు రాసి ఉంటే అంత వెలుగు

కాస్త లెక్క వేద్దాం. చేతిలో ఇమిడే లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే లిథియం సెల్లు. పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. 2,600 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) సెల్లయితే, 3.7 వోల్టుల మీద దాంట్లో పట్టే శక్తి సుమారు 9.6 వాట్ అవర్లు, అంటే 9.6 వాట్ల లైటు గంటసేపు వెలిగేంత. మంచి ఎల్ఈడీ లైటు ఒక్కో వాటుకు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే 1,000 ల్యూమెన్లు కావాలంటే 10 వాట్లు కాలాలి, సెల్లు గంటలోపే ఖాళీ. ఇక లక్ష ల్యూమెన్లంటే 1,000 వాట్లు. ఇస్త్రీ పెట్టె తాగే కరెంటు అది. బొటనవేలంత సెల్లు దాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

నిజాయితీగా అంకెలు వేసే కంపెనీలు ఎఫ్ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. అందులోనూ ఒక కిటుకుంది. వెలుగును కొలిచేది స్విచ్ వేశాక 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. ఎంతసేపు వెలిగిందన్న లెక్క మాత్రం వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా సాగుతుంది. కాబట్టి "1,000 ల్యూమెన్లు, 8 గంటలు" అని రాస్తే రెండూ నిజమే కావచ్చు. ఆ 8 గంటల్లో ఎక్కువ భాగం 150 ల్యూమెన్లే వచ్చినా రాత తప్పు కాదు. చిన్న లైటు ఒళ్ళు వేడిని తట్టుకోలేదు కదా, రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. "లైటు పాడైంది" అని నా దగ్గరికి తెచ్చేవాటిలో ఇలాంటివి చాలానే ఉంటాయి. పాడవ్వలేదు, కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది.

అపోహ: దూరం కొట్టే లైటే గొప్పది

మిరప తోటకు రాత్రి నీళ్ళు కట్టే బాబాయ్ ఒకాయన జూమ్ లైటు కొన్నాడు. అవతలి గట్టు మీది వేపచెట్టు ఆకులు కూడా కనబడుతున్నాయని మురిసిపోయాడు. వారం తిరక్కుండా వచ్చి, "కాలి కింద ఏముందో తెలియడం లేదురా" అన్నాడు. వెలుగంతా ఒక్క ముద్దగా దూరం పోతే పక్కల చీకటే మిగులుతుంది. కట్లపాము తిరిగేది రాత్రిపూట, అదీ కాళ్ళ దగ్గర, వేపచెట్టు మీద కాదు. గట్టు మీద నడిచే మనిషికి వెడల్పుగా పరుచుకునే 100, 150 ల్యూమెన్లు చాలు.

దూరం అంకె కూడా వినేటంత గొప్పగా ఉండదు. ఎఫ్ఎల్1 లెక్కలో "200 మీటర్లు" అంటే, అక్కడికి చేరేసరికి 0.25 లక్స్ వెలుగు మిగిలిందని అర్థం. అది ఇంచుమించు పున్నమి వెన్నెలంత. పనికొచ్చే దూరం నేనైతే అందులో సగం అనుకుంటాను. ఆ దూరం రెట్టింపు కావాలంటే కాంతి తీవ్రత నాలుగింతలు కావాలి.

అపోహ: 9,900 ఎంఏహెచ్ సెల్లు ఉంటుంది

లేదు. 18650 సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లు 3,500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. కాస్త లావుగా ఉండే 21700 సెల్లయితే మామూలుగా 5,000 దాకా వస్తుంది. నకిలీని పట్టుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు, వంటింటి తూకం చాలు. అసలు 18650 సెల్లు 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. 30 గ్రాములు కూడా లేదంటే అనుమానించాల్సిందే. అలాంటిది ఒకటి కోసి చూశాను. పైన పెద్ద డబ్బా, లోపల చిటికెనవేలంత సెల్లు, మిగతా ఖాళీలో ఏదో పొడి! (మీరు కోయకండి, మంట లేస్తుంది.)

అపోహ: కొత్త లైటు 8 గంటలు ఛార్జింగ్ పెట్టాలి, పూర్తిగా ఆరిపోయాకే మళ్ళీ పెట్టాలి

ఇది పాతకాలం బ్యాటరీల నుంచి మిగిలిపోయిన అలవాటు. ఇప్పటికీ మన సంతల్లో గోడ సాకెట్లో నేరుగా గుచ్చే రెండు పిన్నుల లైట్లు అమ్ముతున్నారు. వాటిలో చాలావాటికి లోపల ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని ఖాళీగా వదిలేస్తే సల్ఫేట్ పేరుకుని చచ్చిపోతుంది, కాబట్టి ఎప్పుడూ నింపి ఉంచాలి. లిథియం సెల్లుకు ఆ నియమం వర్తించదు. అది 4.2 వోల్టులకు చేరగానే ఛార్జింగ్ ఆగాలి, ఆగిందో లేదో మల్టీమీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అడుగంటా వాడితే దానికే దెబ్బ. నెలల తరబడి పక్కన పెట్టాలంటే సగం ఛార్జింగుతో చల్లటి చోట ఉంచాలి. మా పక్కనే రెంటచింతల, ఎండాకాలం వార్తల్లో వినే ఉంటారు. ఇక్కడ మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన లిథియం లైటు ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పక్కర్లేదు.

ఆ రెండు పిన్నుల లైట్ల గురించి ఇంకో మాట. చౌక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్‌తో నేరుగా 230 వోల్టుల కరెంటును లోపలికి తెచ్చేస్తారు. ప్లగ్గులో ఉండగా లైటు వేయొద్దు, పగిలిన బాడీని అసలు ముట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో ఇవి వద్దనే నా సలహా.

అపోహ: సి టైపు కేబుల్ పెట్టినా ఛార్జ్ కాలేదంటే లైటు చచ్చిపోయినట్టే

రెండు వైపులా సి టైపు ఉన్న కేబుల్‌తో ఎక్కక, పాత పెద్ద పిన్ను ఛార్జర్‌తో ఎక్కుతోందా? అయితే లైటుకు రోగం లేదు, తయారు చేసినవాడికి పిసినారితనం. ఆ సాకెట్లో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. అవి ఉంటేనే కొత్త ఛార్జర్ అవతల ఒక వస్తువు ఉందని గుర్తించి కరెంటు వదులుతుంది. పైసల కోసం వాటిని మానేస్తారు. ఈ ఒక్క కారణానికే చెత్తబుట్టలో పడ్డ లైట్లు ఎన్నున్నాయో!

అపోహ: పాలలాంటి తెలుపే మంచి వెలుగు

తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత. చౌక లైట్లలో నీలం పాలు ఎక్కువ, ఎరుపు చాలా తక్కువ. 6,500 కెల్విన్ల (కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారుతుంది) లైటు కింద కల్లంలో ఆరబోసిన మిరపకాయలు చూడండి, మంచి ఎరుపు కాయా, రంగు దిగిన తాలు కాయా తేడా తెలియడం కష్టమవుతుంది. 4,000 కెల్విన్లు, సీఆర్ఐ (రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో 100కు చెప్పే అంకె) 90 ఉన్న లైటు వేస్తే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఎండుటాకుల్లో పడుకున్న రక్తపింజరిని పోల్చడానికీ ఇదే మేలు. ల్యూమెన్లు కొంచెం తగ్గుతాయి, తగ్గనివ్వండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాస్తే బావిలో పడ్డా ఏం కాదు

ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఓర్చుకుంటుందంతే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. ఏ అంకె ఉన్నా ఛార్జింగ్ పిన్ను మీది రబ్బరు మూత ఊడిపోయాక లెక్కలోకి రాదు.

అపోహ: 50,000 గంటలు పనిచేస్తుంది

ఆ అంకె ఎల్ఈడీది. ఎల్ఈడీ మాడిపోయిన లైట్లు నా బల్ల మీదికి వచ్చేది తక్కువే. వచ్చేవన్నీ ఛార్జింగ్ పిన్ను ఊగిపోయినవి, స్విచ్ పోయినవి, సెల్లు అయిపోయినవి. మామూలు లిథియం సెల్లు 300 నుంచి 500 సార్లు ఛార్జ్ చేసేసరికి బాగా నీరసపడుతుంది. అందుకే కొనేటప్పుడు నేను మొదట వెనక మూత తిప్పి చూస్తాను. సెల్లు బయటికి వస్తే ఆ లైటు రెండోసారి బతుకుతుంది. గమ్ము పెట్టి మూసేసినవి తెస్తే, విప్పేటప్పుడు పగిలినా పర్లేదా అని అడిగాకే చెయ్యి వేస్తాను.