పైనాపిల్ వేస్తే జెల్లీ ఎందుకు పేరుకోదు?

జెలటిన్ పొడిని వేడినీళ్లలో కరిగించి, పంచదారా పండ్ల ముక్కలూ కలిపి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని గంటల్లో జెల్లీ తయారవుతుంది. వేసినవి తాజా పైనాపిల్ ముక్కలైతే మాత్రం రాత్రంతా ఉంచినా నీళ్లు నీళ్లుగానే ఉంటుంది. అదే డబ్బాలో వచ్చే పైనాపిల్ వేసి చూడండి, చక్కగా పేరుకుంటుంది.

చాలామంది నెపం పులుపు మీదకి నెడతారు. పులుపు మరీ ఎక్కువైతే జెల్లీ కాస్త మెత్తబడే మాట నిజమే. కానీ అంతకంటే ఎంతో పుల్లనైన నిమ్మరసంతో జెల్లీ బాగానే వస్తుంది. పైగా డబ్బా పైనాపిల్ మాత్రం తక్కువ పులుపా?

అసలు సంగతి జెలటిన్‌లోనే ఉంది. జంతువుల చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచి దీన్ని తీస్తారు. కొల్లాజెన్‌లో మూడు పొడవాటి గొలుసులు మూడు పాయల జడలా పెనవేసుకుని ఉంటాయి. వేడి తగిలితే పాయలు విడిపోతాయి. చల్లారుతుంటే మళ్లీ అల్లుకోవాలని చూస్తాయి గానీ పూర్తి జడ కుదరదు, అక్కడక్కడా మాత్రమే ముడి పడుతుంది. గొలుసు పొడుగ్గా ఉండబట్టి ఒకచోట ఒకదానితో, ఇంకోచోట మరోదానితో ముడిపడి పాత్రంతా ఒకే అల్లిక అవుతుంది. నీళ్లు అందులో చిక్కుకుపోతాయి. జెలటిన్ రెండు మూడు శాతం ఉంటే చాలు, మిగతాదంతా దాదాపు నీరే! సుమారు 35 డిగ్రీల దగ్గర ఈ ముడులు ఊడిపోతాయి కాబట్టే జెల్లీ నోట్లో కరిగిపోతుంది.

తాజా పైనాపిల్‌లో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. ప్రొటీన్ గొలుసులను తెంచడమే దాని పని. ఒకదాన్ని తెంచాక అది ఖర్చయిపోదు, ఇంకోదాని మీదకి వెళుతుంది. అందుకే కొంచెం ఉన్నా పాత్రంతా పాడుచేయగలదు. పొట్టి ముక్కలు ఎన్ని ఉన్నా అల్లిక కుదరదు; మళ్లీ వేడిచేసి చల్లార్చినా లాభం లేదు. అప్పటికే పేరుకున్న జెల్లీ మీద తాజా ముక్కలు పేర్చినా, అవి ఆనుకున్నచోట మెల్లగా నీరు కారుతుంది. పైనాపిల్ ఎక్కువగా తింటే నాలుక చురచురలాడటంలోనూ దీనికి కొంత వాటా ఉంది.

బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్, అంజీరలో ఫిసిన్ ఇదే పని చేస్తాయి. అల్లంలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది. మాంసాన్ని మెత్తబరిచే పొడుల్లో వాడేది ఈ పపైనే. బొప్పాయి పచ్చికాయ పాలలో అది దండిగా ఉంటుంది, పండేకొద్దీ తగ్గుతుంది.

ఎంజైమ్ కూడా ప్రొటీనే. బాగా వేడెక్కితే దాని ఆకారం చెడిపోయి ఇక పనిచేయదు. డబ్బాలో నింపేటప్పుడు పండును వేడి చేస్తారు గనుక బ్రోమలైన్ అప్పుడే చచ్చుబడుతుంది. ఇంట్లోనూ ముక్కల్ని లోపలిదాకా ఉడికించి, చల్లార్చి వేసుకోవచ్చు. ఫ్రీజర్‌ని మాత్రం నమ్ముకోకండి. చలికి ఎంజైమ్ పని మందగిస్తుంది అంతే, ముక్క కరిగాక మళ్లీ మొదలవుతుంది.

ఉడికిస్తే పండు రుచి మారుతుందనుకునేవాళ్లకు అగర్ ఉంది. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థంలో ఉన్నవి చక్కెర అణువుల గొలుసులు. వాటిని బ్రోమలైన్ తెంచలేదు, కాబట్టి తాజా ముక్కలే నిశ్చింతగా వేసుకోవచ్చు. కాకపోతే ఒకసారి పేరుకున్న అగర్ 85 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ కరగదు. నోట్లో వేసుకుంటే కరిగిపోదు, కొరికి నమలాల్సిందే.