బియర్డెడ్ డ్రాగన్ పిల్ల కుబుసం విడిచేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లి పిల్ల ఒళ్లు వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగి, తల మీద తెల్లటి పొర లేచిందంటే పెంచేవాళ్ల చేతులు ఊరుకోవు. నీళ్లు చల్లడం, నూనె రాయడం, గోటితో గీకడం మొదలుపెడతారు. కుబుసం విడవడం ఆ పిల్లకు పుట్టుకతో వచ్చిన పని. దానికి కావలసింది సరైన వేడి, వెలుతురు, ఒంట్లో నీళ్లు. ఇవి కుదిరితే చర్మం మీద మనం చేయాల్సింది చాలా తక్కువ. తరచుగా వినిపించే అపోహలనూ వాటి వెనక ఉన్న అసలు సంగతులనూ కింద రాశాం.

అపోహ: పాములా కుబుసం మొత్తం ఒకేసారి ఊడిరావాలి.

వాస్తవం: బియర్డెడ్ డ్రాగన్ ముక్కలు ముక్కలుగానే విడుస్తుంది. ఓసారి తల ముందు, ఓసారి వీపు ముందు, ఓసారి ఒక్క కాలు మాత్రమే. వరుస ఏదైనా ఫర్వాలేదు. పిల్లల్లో ఒక్కో భాగం కొద్ది రోజుల్లో ఊడిపోతుంది. ఒళ్లంతా పూర్తవడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. గుడ్డులోంచి వచ్చినప్పుడు తోకతో కలిపి సుమారు 10 సెంటీమీటర్లు ఉండే పిల్ల ఏడాది తిరిగేసరికి 40 సెంటీమీటర్లు దాటుతుంది. ఇంత వేగంగా పెరిగే ఒంటికి పాత చర్మం చాలదు. అందుకే మొదటి నెలల్లో ఒక కుబుసం పూర్తికాకముందే ఇంకోటి మొదలైనట్టు కనిపిస్తుంది. ఏడాదిన్నర దాటాక ఏడాదికి కొన్నిసార్లే విడుస్తుంది.

అపోహ: లేచిన పొరను మెల్లగా లాగేస్తే దానికి హాయిగా ఉంటుంది.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ హాని చేసే నమ్మకం ఇదే. పాత చర్మం కింద ముందుగా కొత్త చర్మం పూర్తిగా తయారవుతుంది. తర్వాత రెంటి మధ్యకు ద్రవం, ఎంజైములు చేరి పాతదాన్ని విడదీస్తాయి. ఒళ్లు మసకబారి బూడిద రంగులో కనిపించేది ఆ దశలోనే. అప్పటికి పాత పొర ఇంకా అంటుకునే ఉంటుంది. విడిపోయిన చోట సందులోకి గాలి చేరినప్పుడు పొర కాగితంలా తెల్లగా, పొడిగా మారి అంచులు లేస్తాయి. ఒక చోట లేచినా పక్కనున్న భాగం ఇంకా సిద్ధమై ఉండకపోవచ్చు. అంచు పట్టుకుని లాగితే సిద్ధంగా లేని భాగం కూడా దానితో పాటే వస్తుంది. కింద గులాబీ రంగులో తడితడిగా పచ్చి చర్మం బయటపడుతుంది. బ్యాక్టీరియాకూ ఫంగస్‌కూ అది తెరిచిన తలుపే. మచ్చపడిన పొలుసుల మీద తర్వాతి కుబుసాలు కూడా అంటుకుపోతుంటాయి.

వేలాడుతున్న ముక్క వేలు తగిలితే రాలిపోయేలా ఉంటే రాలనివ్వండి. ఏమాత్రం బిగువు తగిలినా వదిలేయండి. దానికి బదులు ఒరుసుకోవడానికి ట్యాంకులో (పిల్లను ఉంచే గాజు పెట్టెలో) గరుకు వస్తువులు పెట్టండి. గట్టిగా నిలిచే కొమ్మ, బెరడు ముక్క, బల్లపరుపు రాయి చాలు. పదునైన అంచులు లేకుండా, ఎక్కితే దొర్లకుండా చూసుకోండి. ఈ రోజుల్లో పిల్ల చిరాగ్గా ఉంటుంది, ముట్టుకుంటే పక్కకు తప్పుకుంటుంది, గొంతు కింది గడ్డం నల్లబడొచ్చు. ఎత్తుకోవడం తగ్గించండి.

అపోహ: ట్యాంకులో తరచూ నీళ్లు చల్లి తేమ పెంచాలి.

వాస్తవం: ఇది ఆస్ట్రేలియా నడిభాగంలోని పొడి నేలల జీవి. గాలిలో తేమ 30 నుంచి 40 శాతం ఉంటే దానికి సరిపోతుంది. తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్‌ను చల్లటి వైపు పెట్టి చూడండి. వేడి దీపం కింద పెడితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. రోజంతా తడిగా ఉండే ట్యాంకులో, ముఖ్యంగా వేడి కూడా చాలనప్పుడు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో టిక్కుటిక్కుమనే శబ్దం, వేడి చోటికి దూరంగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి ఊపిరి తీయడం దాని గుర్తులు. దీపం కింద కూర్చుని నోరు తెరిస్తే మాత్రం కంగారు పడకండి. ఒంటి వేడిని తగ్గించుకుంటోందంతే.

కుబుసానికి కావలసిన నీరు లోపలి నుంచి అందాలి. ఆకుకూరలు కడిగి నీటి చుక్కలు అలాగే ఉండగా పెట్టండి. డ్రాపర్‌తో ముక్కు కొస మీద ఒక్కో చుక్క వేస్తే నాలుకతో నాకుతుంది. నోరు తెరిచి నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు సరిపోతున్నాయో లేదో మలంతో పాటు వచ్చే తెల్లటి భాగం చూస్తే తెలుస్తుంది. అది తెల్లగా మెత్తగా ఉంటే బాగుంది. పసుపు రంగుకు తిరిగి సుద్దముక్కలా గట్టిపడితే ఒంట్లో నీరు తగ్గింది.

అపోహ: రోజూ స్నానం చేయిస్తే కుబుసం త్వరగా వదులుతుంది, పైగా మలద్వారం గుండా నీళ్లు తాగుతుంది.

వాస్తవం: స్నానంలో ఒంట్లోకి నీరు చేరేది నోటితో తాగితేనే. స్నానం చేసే అసలు పని పై పొరను మెత్తబరచడం. కుబుసం రోజుల్లో వారానికి రెండు మూడు సార్లు చాలు. అంతా సాఫీగా ఊడుతుంటే అసలు అక్కర్లేదు కూడా.

చేయించేటప్పుడు దీనికంటూ ఒక టబ్బు విడిగా ఉంచండి. వంటింటి సింకు, గిన్నెలు వాడొద్దు. సరీసృపాల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. నీళ్లు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చేతి అంచనా తప్పుతుంది, థర్మామీటర్‌తో చూడండి. లోతు ముందుకాళ్ల మోచేతుల దాకానే. చిన్న పిల్లకైతే అది ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లకు మించదు. జారకుండా అడుగున గుడ్డ పరవండి. 10 నుంచి 15 నిమిషాలు చాలు. ఈలోపే నీళ్లు చల్లారుతాయి కాబట్టి పక్కనే ఉండండి. మెత్తటి బ్రష్‌తో తల నుంచి తోక వైపుకు, పొలుసులు వాలిన దిక్కుకే, ఇప్పటికే లేచిన చోట మాత్రమే తేలిగ్గా రాయండి. సబ్బు, షాంపూ వద్దు. ఆరిన గుడ్డతో అద్ది నేరుగా దీపం కిందికి చేర్చండి. లైట్లు ఆపడానికి కనీసం రెండు గంటల ముందే ఇదంతా అయిపోవాలి. తడి ఒంటితో చల్లటి రాత్రి గడపకూడదు.

అపోహ: కొబ్బరినూనె, బేబీ ఆయిల్ రాస్తే పొర జారిపోతుంది.

వాస్తవం: నూనె పొలుసుల మధ్య నిలిచి దుమ్మునూ మురికినీ పట్టుకుంటుంది. దీపం కింద వేడెక్కుతుంది. పిల్ల దాన్ని నాకుతుంది కూడా. గోరువెచ్చటి నీళ్లు చేయలేనిది నూనె చేసేదేమీ లేదు.

అపోహ: కుబుసం అప్పుడు ఒళ్లు సున్నితంగా ఉంటుంది కాబట్టి వేడి, లైట్లు తగ్గించాలి.

వాస్తవం: వేడి తగ్గితే ఒంట్లో ప్రతి పనీ నెమ్మదిస్తుంది, చర్మం తయారవడం సహా. కుబుసం వారాల తరబడి సాగుతుంటే ముందు కొలవాల్సింది వేడినే. దీపం కింద పిల్ల కూర్చునే చోటి ఉపరితలం 40 నుంచి 43 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 28, రాత్రి 18కి తగ్గకుండా ఉండాలి. ఉపరితలాన్ని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. గోడకు అంటించే గుండ్రటి థర్మామీటర్లను నమ్మొద్దు. అడుగు నుంచి కాలే హీట్ రాక్‌లు పొట్టను కాలుస్తాయి, వాటిని తీసేయండి.

యూవీబీకి (అతినీలలోహిత కాంతిలో ఒక రకం) టీ5 అనే సన్నటి ట్యూబ్‌లైట్, 10 లేదా 12 శాతం రకం, ట్యాంకు పొడవులో కనీసం సగం వచ్చేలా అమర్చండి. ట్యూబుకీ పిల్లకీ మధ్య గాజు ఉంటే యూవీబీ దాదాపు అందనట్టే. జాలీ కూడా కొంత అడ్డుకుంటుంది. పైకి వెలుగుతున్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి ట్యూబు మార్చండి.

అపోహ: తిండి తగ్గిస్తే నోట్లో పెట్టి తినిపించాలి.

వాస్తవం: ఒకటి రెండు రోజులు తక్కువ తినడం మామూలే. ముఖం మీది పొర లేచినప్పుడు మరీను. పూటపూటకూ పురుగులు చూపించండి, 10-15 నిమిషాల్లో తినకపోతే తీసేయండి. ట్యాంకులో వదిలేసిన క్రికెట్లు (కీచురాళ్లు) రాత్రిపూట పిల్ల చర్మాన్నే కొరుకుతాయి. పురుగు పరిమాణం దాని రెండు కళ్ల మధ్య దూరం మించకూడదు. క్యాల్షియం పొడి అద్దడం ఆపొద్దు. అలాగని కుబుసం బాగా రావాలని విటమిన్ మందులు పెంచొద్దు. విటమిన్ ఎ మోతాదు మించితే చర్మమే పాడై ఊడుతుంది. వారానికోసారి గ్రాముల తూకంలో బరువు రాసుకోండి. మూడు రోజులు అసలేమీ తినకపోయినా, బరువు పదో వంతు తగ్గినా సరీసృపాలు చూసే పశువైద్యుడికి చూపించండి.

అపోహ: వీపు, తల శుభ్రపడ్డాయి కాబట్టి కుబుసం అయిపోయినట్టే.

వాస్తవం: అసలు జాగ్రత్త మొదలయ్యేది ఇక్కడే. కాలివేళ్ల చుట్టూ, తోక కొసన మిగిలిన పొర ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. కింద పిల్ల పెరుగుతూనే ఉంటుంది. తర్వాతి కుబుసంలోనూ అదే చోట ఇంకో పొర దాని మీద చేరుతుంది. వేలికి దారం బిగించి కట్టినట్టు రక్తం ఆగి వేలు ముందు వాచి, తర్వాత నల్లబడి, ఎండి రాలిపోతుంది. బియర్డెడ్ డ్రాగన్‌కు తోక మళ్లీ మొలవదు. పోయిన కొస పోయినట్టే.

అందుకే ప్రతి కుబుసం తర్వాత కాలికి ఐదు చొప్పున 20 వేళ్లూ మంచి వెలుతురులో భూతద్దంతో చూడండి. వేలి చుట్టూ తెల్లటి ఉంగరంలా ఉందా? తోక కొసన పొడి టోపీ ఉందా? పక్క వేలికంటే ఒకటి లావుగా ఉందా? ఉంటే ముందు చెప్పిన స్నానం చేయించి, తడిపిన కాటన్ బడ్‌ను వేలి చుట్టూ అదమకుండా తిప్పండి. అంచు లేస్తే గోటి వైపుకు దొర్లించండి. రాకపోతే ఆపేసి ఒకరోజు విడిచి మళ్లీ ప్రయత్నించండి. పట్టకారు, కత్తెర వద్దు, గోరు కూడా ఊడొస్తుంది. పొర మిగిలిందనుకున్నది కొన్నిసార్లు చుట్టుకున్న వెంట్రుకో నూలుపోగో అవుతుంది. వాపు, నలుపు, చీము కనిపిస్తే ఇంటి ప్రయత్నాలు ఆపి ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

రెండు పిల్లల్ని కలిపి ఉంచితే ఒకదాని కుబుసం ఇంకోటి తీస్తుందని కొందరంటారు. పక్కదాని వేళ్లూ తోకా కొరికేయడమే ఎక్కువగా జరుగుతుంది. ఒక్కో పిల్లకు ఒక్కో ట్యాంకు ఉండాలి.

అపోహ: కళ్లు బయటికి ఉబ్బాయంటే జబ్బే.

వాస్తవం: కళ్ల చుట్టూ ఉన్న పొరను వదులు చేసుకోవడానికి అది కొన్ని క్షణాలు కళ్లను ఉబ్బిస్తుంది, తర్వాత మామూలైపోతాయి. రెప్పల మీది పొరను ముట్టుకోవద్దు. మరీ పొడిగా ఉంటే ఒక చుక్క స్టెరైల్ సెలైన్ చాలు. ఒక్క కన్నే వాచి ఉండిపోయినా, నీరు కారినా, తెరవలేకపోయినా అది కుబుసం సంగతి కాదు.

అపోహ: ఊడిన పొర తింటోందంటే ఏదో లోపం ఉంది.

వాస్తవం: చాలా సరీసృపాలు తింటాయి. తిననివ్వండి.

అపోహ: పసుపు, గోధుమ రంగు పెచ్చులు పాత కుబుసమే, తర్వాతిసారి పోతాయి.

వాస్తవం: కుబుసం పొర పల్చగా, తెల్లగా ఉంటుంది, దాని కింద చర్మం ఆరోగ్యంగా కనిపిస్తుంది. మందంగా, పసుపుగా, గరుకుగా పెచ్చు కట్టి, ప్రతి కుబుసానికీ ఇంకా పెద్దదవుతూ, కింద పుండు పడుతుంటే నన్నిజియాప్సిస్ గ్వారోయి అనే ఫంగస్‌ను అనుమానించాలి. పెంపకందారులు దీన్నే ఎల్లో ఫంగస్ అంటారు. ఇది ఒక డ్రాగన్ నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది, లోపలి అవయవాలకూ పాకుతుంది. చర్మం ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. పైపూతతో ఇంట్లో నయమయ్యేది కాదు, వైద్యుడి పర్యవేక్షణలో చాలాకాలం మందులు వాడాలి. అనుమానం వచ్చిన రోజే ఆ పిల్లను వేరు చేసి కొమ్మలు, బెరడు పారేయండి. అడుగున కాగితం మాత్రమే పరచి రోజూ మార్చండి. మిగతా జంతువుల పని ముగించాకే దాన్ని ముట్టుకోండి. మచ్చలను స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి ఉంచుకుంటే అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో వైద్యుడికి చూడగానే అర్థమవుతుంది.