రిపోర్టులో ఉండని మాట

ఐదో నెల టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) అంతా బాగుందన్నారు. ఎనిమిదో నెలలో గ్రోత్ స్కాన్‌కి వెళ్తే రిపోర్టులో కొత్త లైను పడింది: బిడ్డ కడుపులో నీటితిత్తి, 3 సెంటీమీటర్లు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. మొదటిసారి సరిగ్గా చూడలేదేమోనని స్కాన్ చేసినవాళ్ల మీద అనుమానం కూడా. కానీ అప్పటికి ఆ తిత్తి లేకపోయి ఉండొచ్చు. ఆడబిడ్డల్లో ఇలాంటివి చాలావరకు అండాశయంలో పుడతాయి, ఎక్కువగా ఏడో నెల దాటాకే కనబడతాయి.

ఆడబిడ్డ అమ్మ కడుపులో ఉండగానే తన అండకణాలన్నీ తయారుచేసుకుంటుంది. 20 వారాలప్పుడు అవి 60, 70 లక్షలు ఉంటాయి, పుట్టేసరికి 10, 20 లక్షలకు తగ్గిపోతాయి. ఒక్కో కణం చుట్టూ ఉండే బుల్లి సంచి హార్మోన్లు ఎక్కువ తగిలితే నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ హార్మోన్లు ఏవంటే, బిడ్డ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఈ సంచుల్ని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్, అమ్మ ఒంట్లోని ఈస్ట్రోజెన్, వీటికి తోడు మాయ నుంచి హెచ్‌సీజీ, అదే మనం ఇంట్లో టెస్ట్ చేసుకునే కిట్‌లో రెండో గీత తెప్పించే హార్మోను. తల్లికి షుగర్ ఉన్నా, బీపీ బాగా పెరిగినా, తల్లీబిడ్డల రక్తంలో ఆర్‌హెచ్ గ్రూపు పడకపోయినా హెచ్‌సీజీ ఎక్కువయ్యే అవకాశం ఉంది, కాబట్టి తిత్తులూ కాస్త ఎక్కువే. పుట్టిన నాలుగైదు రోజులకు కొందరు ఆడపిల్లలకు చుక్కలుగా రక్తం కనబడుతుంది చూడండి, పెద్దవాళ్లు కంగారు లేదంటారు, అది కూడా అమ్మ హార్మోన్లు తగ్గిపోవడం వల్లే. ఈ తిత్తి పెద్దయ్యాక వచ్చే పీసీఓడీ లాంటిది కాదు. క్యాన్సర్ అయ్యే అవకాశం దాదాపు లేనట్టే.

అయితే మన దేశంలో ఇక్కడే ఒక చిక్కుంది. 'అండాశయంలో తిత్తి' అన్నారంటే ఆడపిల్ల అని చెప్పేసినట్టే కదా. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆ సంగతి మాటతో గానీ, సైగతో గానీ, ఇంకే రకంగా గానీ చెప్పకూడదు, ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా బోర్డు ఉంటుంది. అందుకే తిత్తి ఎంతుంది, ఏ పక్కనుంది, లోపల ఎలా ఉంది, కిడ్నీలు, మూత్రసంచి, పేగులు బాగున్నాయా, ఇంతవరకే మాట్లాడటం కుదురుతుంది. డాక్టరు ఏదో దాస్తున్నాడనిపిస్తుంది. దాస్తున్నది నిజమే, కానీ జబ్బుని కాదు. ఈ చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు దీనిమీద ఫిర్యాదు లేదు, కాకపోతే ఆ రెండు నెలలూ ఆ తల్లి సగం సమాచారంతోనే గడపాలి. మీరూ ఊహించుకోకండి, పేగుల దగ్గరో ఇంకెక్కడో పుట్టే తిత్తులు మగబిడ్డల్లోనూ వస్తాయి.

స్కాన్‌లో నీరు నల్లగా కనబడుతుంది. గోడ పల్చగా ఉండి లోపలంతా నలుపే అయితే అది సాదా తిత్తి, చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. పెద్ద తిత్తి లోపలి గోడకి అంటుకుని చిన్న బుడగ ఒకటి కనబడితే (పిల్ల తిత్తి అంటారు) అది అండాశయానిదే అనడానికి గట్టి గుర్తు. భయమల్లా మెలిపడటం గురించే. బరువెక్కిన అండాశయం తన కాడ చుట్టూ తిరిగిపోతే రక్తం అందదు, లోపల రక్తస్రావమై తెల్లటి చారలు, అడుగున మడ్డి పేరుకున్నట్టు గీత కనబడతాయి. ఒక్కోసారి కాడ తెగి అండాశయం పొత్తికడుపులో విడిగా తేలుతుంటుంది కూడా! 4, 5 సెంటీమీటర్లు దాటితే ఈ ముప్పు ఎక్కువని లెక్క, చిన్నవి మెలిపడవన్న హామీ మాత్రం లేదు. కొన్నిచోట్ల పెద్దవాటిలో సూదితో నీరు తీస్తారు, దీనిమీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమందికి మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తూ కనిపెట్టి ఉండటమే వైద్యం. ఇది ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు.

కాన్పయ్యాక బిడ్డకి మళ్లీ స్కాన్ చేస్తారు, ఆ రోజు నుంచి ఫైల్లో అండాశయం అన్న మాట రాసుకోవచ్చు. మాయ పోయింది కాబట్టి హార్మోన్లు పడిపోతాయి, సాదా తిత్తులు చాలావరకు ఆరు నెలల్లోపే మాయమవుతాయి. పెరుగుతున్నా, మెలిపడినట్టున్నా ఆపరేషన్ చేస్తారు, వీలైనంతవరకు అండాశయాన్ని ఉంచి తిత్తినే తీయాలని చూస్తారు. ఈలోగా బిడ్డ ఊరుకోబెట్టినా ఆగకుండా ఏడుస్తున్నా, వాంతులవుతున్నా, పొట్ట ఉబ్బినా, వచ్చేవారం స్కాన్ ఉంది కదా అని ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్లండి.