అపోహలు - వాస్తవాలు: విమానం ఎంతసేపు, ప్రయాణం ఎంతసేపు

"గన్నవరం నుంచి ఢిల్లీ 1,390 కిలోమీటర్లేగా, విమానం గంటకు 850 పోతుంది, గంటా నలభైలో దిగిపోతాం కదండీ?" విజయవాడలో టికెట్ల పని చేస్తున్నాను, ఈ లెక్క వినని వారం ఉండదు. ఆ దూరం గీత గీసి కొలిచింది. టికెట్ మీది సమయం మాత్రం విమానం ఇక్కడి స్టాండ్ నుంచి కదిలి అక్కడి స్టాండ్‌లో ఆగేదాకా. రన్‌వే దగ్గర వరస, ఢిల్లీ పైన చక్కర్లు అన్నీ అందులోనే. అందుకే రెండుంపావు గంటల పైనే వేస్తారు.

దీనివల్ల ఎవరికీ డబ్బు పోదు. పోయేది ఇక్కడ.

అపోహ: ఢిల్లీలో దిగాక అమెరికా విమానానికి రెండు గంటలుంటే చాలు.

వాస్తవం: రెండు టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉంటేనే ఆ మాట. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే అప్పుడు సంస్థే వేరే విమానం ఎక్కిస్తుంది. విడివిడిగా కొంటే రెండో సంస్థకు మీ ఆలస్యంతో సంబంధం లేదు. మీరు రాలేదని రాసుకుంటుంది, టికెట్ పోతుంది.

గుడివాడ నుంచి ఒక పెద్దావిడ, కూతురి పురుడికి డల్లాస్ బయల్దేరారు. చవగ్గా వస్తుందని అబ్బాయి విడివిడిగా కొన్నాడు. మధ్యలో రెండుంపావు గంటలు. పెద్ద సంస్థలు చాలావరకు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, అంటే చేతిలో ఉన్నది గంటంపావే. పచ్చళ్ల అట్టపెట్టె బెల్టు మీదకి చిట్టచివర వచ్చింది. దిగింది టెర్మినల్ 1లో, ఎక్కాల్సింది టెర్మినల్ 3లో. మధ్యలో రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు. "కౌంటర్ మూసేశారు బాబూ" అని ఫోన్‌లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. ఆవిడ తప్పేముంది? అప్పటికప్పుడు కొన్న టికెట్‌కి, ముందు మిగిలిందనుకున్నదానికి ఎన్నో రెట్లు కట్టారు.

అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపేవాళ్లు దయచేసి ఒకే పీఎన్‌ఆర్ తీసుకోండి. కుదరకపోతే ఐదారు గంటలు వదలండి. అంతసేపు కూర్చోవాలా అని వాళ్లు విసుక్కున్నా సరే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌లో పదింటికి ఎక్కితే దుబాయ్‌లో పన్నెండున్నరకి దిగుతారు, కానీ ప్రయాణం నాలుగు గంటలు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక.

వచ్చేటప్పుడు అరగంట తగ్గేది భూమి తిరగడం వల్ల అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అది ఆపండి. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి తోస్తుంది, అంతే.

ఇక తేదీ. 15న 00:40 అని ఉంటే 14 రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. విజయవాడ నుంచి శంషాబాద్‌కి బస్సులో వెళ్లేవాళ్లు 14 మధ్యాహ్నమే ఎక్కాలి.