రాళ్లు మోసింది ఊరు, పట్టా పీఠానిది

రోడ్డు పక్కనున్న కాథలిక్ చర్చి ఆవరణలో దుకాణాల గదులు కట్టి అద్దెకిద్దామన్న మాట పుడితే చాలు, నల్లగొండ ప్రాంతంలో పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఆ స్థలం ఎవరిది? ఫాదర్‌గారిదా, బిషప్‌గారిదా, సంఘానిదా? హైదరాబాదు-విజయవాడ రహదారి వెడల్పయ్యాక చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల చుట్టూ భూమి విలువ మారిపోయింది. ఒకప్పుడు గుంటల్లో ఇచ్చిన నేలను ఇప్పుడు గజాల్లో కొలుస్తున్నారు. 2025లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి, రికార్డుల్లో తప్పులపై అధికారుల దగ్గరే అప్పీలుకు దారి ఏర్పడడంతో పెట్టెల్లోని పాత కాగితాలకు మళ్లీ పని పడింది.

ఇటలీ మిషనరీలు హైదరాబాదు చేరిన కథ, ఉపదేశులు కాలినడకన ఊళ్లు తిరిగిన కథ అందరికీ తెలిసినవే. 1976లో నల్లగొండకు సొంత మేత్రాసనం, అంటే బిషప్పు పాలనలోని పీఠం, ఏర్పడి, మాత్యూ చెరియన్‌కున్నెల్ తొలి పీఠాధిపతి అయ్యారు. నేటి తగాదా అర్థం కావాలంటే మాత్రం చూడవలసిన ఏడాది 1983.

ఆ ఏడాది నవంబరు 27న అమల్లోకి వచ్చిన కొత్త శ్రీసభ చట్టం, అంటే కాథలిక్ చర్చి సొంత నియమావళి, విచారణ (ప్యారిష్) అంటే విశ్వాసుల సమూహమని 515వ సూత్రంలో చెప్పింది. దాన్ని ఏర్పాటు చేసే అధికారం, రద్దు చేసే అధికారం బిషప్పువే. కానీ ఒకసారి సక్రమంగా ఏర్పడిందంటే దానికి ఆ చట్టం దృష్టిలో సొంత వ్యక్తిత్వం దానంతటదే వస్తుంది. 1256వ సూత్రం మరో అడుగు వేసింది: పోపుగారి సర్వాధికారానికి లోబడి, న్యాయంగా సంపాదించిన ఆస్తి సంపాదించిన సంస్థదే. రెండూ కలిపి చదివితే విచారణ పేరున సమకూరినది విచారణదే, మేత్రాసనానిది కాదు. అంతకు ముందు లెక్కంతా గురువు (ఫాదర్) పదవి చుట్టూ, ఆ పదవిని అంటిపెట్టుకున్న ఆదాయం చుట్టూ తిరిగేది. ఇంత పెద్ద మార్పు గురించి పల్లె గుడిలో బలిపీఠం ముందు కూర్చున్నవారికి ఎవరు విడమరిచి చెప్పారన్నది వేరే సంగతి.

యజమానికి మాట్లాడే నోరు మాత్రం ఆ చట్టం ఇవ్వలేదు. చట్టపరమైన వ్యవహారాలన్నిటిలో విచారణ తరఫున నిలబడేది విచారణ గురువే. ఆర్థిక మండలి ప్రతి విచారణలో తప్పనిసరి, అయినా అది ఆయనకు తోడ్పడడానికే. పాలక మండలి (పాస్టరల్ కౌన్సిల్) సంగతి బిషప్పు ఇష్టం, అది ఉన్నచోట కూడా సలహా చెప్పడం వరకే. 1917 నాటి పాత చట్టం ఇలాంటి సంస్థలను మైనర్లతో సమానమని రాసింది. కొత్త చట్టంలో ఆ వాక్యం లేదు, గార్డియన్ తీరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక రిజిస్ట్రారు ఆఫీసులో విచారణ అనే మనిషే లేడు. మన దేశంలో మేత్రాసనం సాధారణంగా సొసైటీగానో ట్రస్టుగానో నమోదవుతుంది. తెలంగాణలో నిజాం కాలపు 1350 ఫస్లీ నాటి సొసైటీల చట్టం ఉండేది, 2001లో కొత్తది వచ్చింది. దస్తావేజులు ఆ సొసైటీ పేరునే పుడతాయి. పీఠం వైపు వాదన ఇదే: పేరు ఒకచోట ఉంటే ఆక్రమణదారుల నుంచి స్థలం కాపాడవచ్చు, స్థానికుల పేరున పెడితే వారి వారసులు అమ్ముకునే ప్రమాదం ఉంది. ఇందులో నిజం లేకపోలేదు.

సంఘస్థుల వాదన ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. ఫలానా పెద్దమనిషి నోటిమాటగా ఇచ్చాడు, లేదా సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం) మీద కొన్నాం. పునాదికి రాళ్లు మోశాం, కూలి డబ్బులో కానుక వేశాం, గోడ కూలితే మేమే లేపాం అంటారు. వీరిలో చాలామంది దళితులు, సొంత చెలక కూడా లేనివారు. ఊళ్లో మాది అని చెప్పుకోగలిగిన నేల వారికి ఆ గుడి ఆవరణ ఒక్కటే. ఆ గుడి గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉంటే చాలాసార్లు పంచాయతీ రికార్డు తప్ప మరో కాగితం ఉండదు. కొన్నేళ్లకోసారి గురువు బదిలీ అవుతారు, లెక్కల పుస్తకం చేతులు మారుతుంది. సంఘం మాత్రం అక్కడే ఉంటుంది.

2020లో నెల తేడాతో రెండు దెబ్బలు తగిలాయి. సెప్టెంబరు 29న విదేశీ విరాళాల చట్టానికి సవరణ అమల్లోకి వచ్చి, అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు మళ్లించడాన్ని నిషేధించింది. దాంతో స్థానిక కానుకల మీద, అద్దెల మీద చూపు పడింది. అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. వ్యవసాయ భూముల రికార్డులో పట్టాదారు పేరు మిగిలింది, అనుభవదారు కాలమ్ పోయింది. ఊరి బయట చర్చికున్న ఎకరా, రెండెకరాల విషయంలో సంఘం చూపించుకోగలిగిన ఒక్క గడి అదే.

విచారణ ఆస్తిని అమ్మడానికి శ్రీసభ చట్టంలో గట్టి కట్టడి ఉంది. బిషప్పుల సమాఖ్య నిర్ణయించిన కనిష్ఠ మొత్తం దాటితే బిషప్పు ఒక్కరి సంతకం చాలదు. మేత్రాసన ఆర్థిక మండలి, సలహాదారుల సంఘం, సంబంధం ఉన్నవారు కూడా ఒప్పుకోవాలి. గరిష్ఠం దాటితే రోము అనుమతి అదనం. లీజుల నిబంధనలను 1297వ సూత్రం బిషప్పుల సమాఖ్యకే వదిలేసింది. అందుకే ఇప్పటి గొడవలు అమ్మకాల కంటే అద్దె గదుల దగ్గర ఎక్కువ రాజుకుంటున్నాయి. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క వారికే చెప్పాలని 1287వ సూత్రం అంటుంది. ఎలా చెప్పాలో స్థానిక నియమం తేల్చాలట. ఆ లెక్కలు చూడవలసిన విచారణ ఆర్థిక మండలిలో ఎవరెవరున్నారని ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద అడిగి చూడండి, పేర్లు చెప్పడానికి చాలామంది తడుముకుంటారు.