గొంతుకు తెలియని నికోటిన్

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి. ఏడాదిలో రెండు మూడుసార్లు ఆఫీసు పని మీద సింగపూర్‌కో లండన్‌కో వెళ్తుంటాడు. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తాడని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి మా అక్కకు తెలియదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద నన్ను ఒంటరిగా పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు: "మామయ్యా, ఈ వేప్‌లలో చిన్నది, జేబులో వేసుకుంటే ఎవరికీ కనబడనిది, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏది మంచిది? ఈసారి లండన్‌లో కొనుక్కుందామనుకుంటున్నా."

సైన్స్ మాస్టారిని కాబట్టి నన్నడిగాడు. నేను ఏ మోడల్ పేరూ చెప్పలేదు. చిన్నది కావాలి, కనబడకూడదు, కొత్తవాడికి పనికిరావాలి అని మూడు కోరికలు కోరాడు కదా, అవి ఒకదానితో ఒకటి పడవని వివరంగా చెప్పేసరికి చీకటి పడిపోయింది.

వేప్, అదే ఇ-సిగరెట్, అంటే ఏమిటో ముందు చూద్దాం. మన ప్రమిదలో నూనె, వత్తి, మంట ఉంటాయి. వేప్‌లో నూనె బదులు ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన చిక్కటి ద్రవం ఉంటుంది. అందులో నికోటిన్, వాసన కోసం ఫ్లేవర్లు. వత్తి ఇక్కడా దూదే, దాని చుట్టూ సన్నని లోహపు తీగ. మంట స్థానంలో లిథియం అయాన్ బ్యాటరీ. నోటితో పీల్చగానే గాలి కదలికను ఒక చిన్న సెన్సర్ పసిగట్టి తీగకు కరెంటు పంపుతుంది. తీగ వేడెక్కి, వత్తి పీల్చుకున్న ద్రవం ఆవిరై, వెంటనే చల్లబడి అతిచిన్న బిందువులుగా మారుతుంది. మనకు పొగలా కనబడేది ఆ బిందువుల మబ్బే. ఆకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ రావు. సిగరెట్‌తో పోల్చినప్పుడు దీనికున్న అసలు తేడా అదే. అయితే వత్తి ఎండిపోయాక కూడా పీలుస్తూ పోతే ఆ ద్రవమే మాడి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి. మాడిన రుచి నోటికి ఇట్టే తెలుస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లోనే పొగలేని సిగరెట్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఎవరూ తయారు చేయలేదు. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు, తానే పెద్ద పొగరాయుడు, ఇప్పటి ఇ-సిగరెట్‌కు దారి వేశాడు. తర్వాతి పదేళ్ళలో వచ్చిన పరికరాల్లో చాలావాటికి దాచిపెట్టే గుణం లేదు. పిడికెడు బాక్సులు, పెద్ద బ్యాటరీలు, ఊదితే గదంతా మబ్బు. వాటిలో పోసే ద్రవంలో నికోటిన్ మాత్రం తక్కువే, మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల నుంచి 18 దాకా. మబ్బు పెద్దది కాబట్టి పలచటి ద్రవంతోనే సరిపోయేది.

మరి పరికరాన్ని చిన్నది చేస్తే? బ్యాటరీ చిన్నదవుతుంది. తీగకు అందే శక్తి తగ్గుతుంది. ఒక్కో దమ్ముకు ఆవిరయ్యే ద్రవమూ తగ్గుతుంది, మబ్బు పలచబడుతుంది. ఎవరికీ కనబడకూడదనుకునేవాడికి అది వరమే. కానీ ఒంటికి అలవాటైన నికోటిన్ అందాలి కదా. మబ్బు తగ్గిందంటే అందులో నికోటిన్ చిక్కబడాల్సిందే. మామూలు నికోటిన్‌ను అంత చిక్కగా కలిపితే గొంతు భగ్గుమంటుంది, రెండో దమ్ము ఎవరూ పీల్చరు. చిన్న వేప్ చాలాకాలం అక్కడే ఆగిపోయింది.

దీనికి విరుగుడు చెప్పాలంటే మా తాతగారి చుట్ట దగ్గరికి వెళ్ళాలి.

గోదావరి లంకల్లో పండే పొగాకును ఎండలో, గాలిలో ఆరబెట్టి చుట్టలు చుడతారు. అలా ఆరిన ఆకు పొగ క్షార గుణంతో ఉంటుంది. క్షారంలో నికోటిన్ స్వేచ్ఛగా ఉండి నోటి లోపలి పొరల్లోంచే రక్తంలోకి జారుకుంటుంది. గొంతుకు మాత్రం అది మహా ఘాటు. అందుకే చుట్ట కాల్చే పెద్దలు పొగను నోట్లోనే తిప్పి వదిలేస్తారు, లోపలికి పీల్చరు. మా తాతగారు ఒక్క చుట్టను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా లాగించేవారు. (చుట్ట మేలని కాదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు.)

ఇక ఒంగోలు వైపు వెళ్తే వర్జీనియా పొగాకు. పచ్చి ఆకును కర్రలకు కట్టి, బ్యారన్ అనే ఆరబెట్టే గదిలో వేలాడదీసి, గొట్టాల వేడితో దాదాపు వారం రోజులు క్యూరింగ్ చేస్తారు. ముందు ఆకు పసుపెక్కుతుంది, అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచి ఆరబెట్టేసరికి ఆ చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. చక్కెర నిండిన ఆకు కాలితే వచ్చే పొగ కాస్త ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లంలో నికోటిన్ ఉప్పు రూపం తీసుకుంటుంది, గొంతుకు పెద్దగా ఘాటు తెలియదు. దాంతో పొగ ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తుంది. అక్కడ పరుచుకున్న సన్నని పొరలోంచి రక్తంలోకి, పది ఇరవై సెకన్లలో మెదడులోకి. సిగరెట్ ఇరవయ్యో శతాబ్దాన్ని ఏలిందంటే దాని వెనుక ఈ ఆమ్లం ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల బ్యారన్లలో తరాలుగా జరుగుతున్నది ఇదే కెమిస్ట్రీ, అక్కడ ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవకపోయినా.

స్టాన్‌ఫర్డ్‌లో డిజైన్ చదివిన ఆడమ్ బోవెన్, జేమ్స్ మోన్సీస్ 2015లో తెచ్చిన జూల్ అనే వేప్ పట్టుకున్న కిటుకు ఇదే. వాళ్ళు నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపారు. బజారు పచ్చడి సీసా మీద సోడియం బెంజోయేట్ అని రాసి ఉంటుంది చూడండి, దానికి దగ్గరి చుట్టమే. ఆమ్లం పడగానే గొంతు మంట పోయింది. మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నా హాయిగా పీల్చుకోగలిగారు. పెన్‌డ్రైవ్ ఆకారం, 0.7 మిల్లీలీటర్ల ద్రవం పట్టే పాడ్ అనే చిన్న డబ్బీ. లెక్క వేస్తే ఒక్క పాడ్‌లో దాదాపు 41 మిల్లీగ్రాములు. ఒక పాడ్ సుమారు ఒక పెట్టె సిగరెట్లకు సమానమని ఆ కంపెనీయే చెప్పుకుంది. టీచర్ బోర్డు వైపు తిరిగితే చాలు, పిల్లలు ఒక దమ్ము లాగి చొక్కా చేతిలోకి వదిలేసేవారు. 2019 నాటి అమెరికా ప్రభుత్వ సర్వేలో హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో ఇ-సిగరెట్ వాడామన్నారు. వాళ్ళందరూ ఒక్క బ్రాండే వాడారని కాదు. చిన్నదీ కనబడనిదీ అయిన రకానికి దారి చూపింది మాత్రం ఆ బ్రాండే. తర్వాత అక్కడ కొనడానికి కనీస వయసు 21కి పెరిగింది, 2024 నాటికి ఆ శాతం 7.8కి తగ్గింది.

మా వాడికి ఇంతసేపూ చెప్పింది ఇదే. ఘాటు లేదంటే నికోటిన్ తక్కువని కాదు. కొత్తవాడిని హెచ్చరించేది గొంతు మంట, ఆ మంటనే తీసేశారు. పైగా దేశాన్ని బట్టి మోతాదు మారుతుంది. బ్రిటన్, ఐరోపాల్లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. అమెరికాలో అలాంటి హద్దు లేదు. ఒక దేశంలో అలవాటైన చేత్తో ఇంకో దేశంలో కొంటే మూడింతలు లోపలికి పోవచ్చు. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, గుండె దడ వస్తే అది నికోటిన్ ఎక్కువైన గుర్తు.

ఇంకోటి. సిగరెట్‌కు తనదైన గడియారం ఉంది. వెలిగించాక ఐదు నిమిషాలకు అయిపోతుంది. అయిపోయిందని వేలికి కాక తగిలి తెలుస్తుంది. దానికోసం బయటికి వెళ్ళాలి, తిరిగొచ్చాక వాసన కొడుతుంది, అక్క అనుమానిస్తుంది. ఈ అడ్డంకులన్నీ లెక్కను ఐదారు దగ్గర ఆపుతాయి. కనబడని వేప్‌కు ఆ ఆపు లేదు. లిఫ్టులో ఒక దమ్ము, మీటింగుకు ముందు రెండు, దుప్పట్లో ఇంకో రెండు. దాచుకోవడం ఎంత సులువైతే అంత ఎక్కువ పీలుస్తాడు. నా ఉద్దేశంలో మా వాడి కోరికల్లో అన్నిటికన్నా ప్రమాదమైంది 'కనబడనిది' అన్నదే.

ఇక ప్రయాణం సంగతి. చిన్న వేప్ బ్యాటరీ చాలా చిన్నది. తొలి జూల్‌లో 200 మిల్లీయాంప్ అవర్లు, అంటే ముప్పావు వాట్ అవర్. మన ఫోన్‌లో అంతకు ఇరవై రెట్లుంటుంది. అయినా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లో ఇ-సిగరెట్లను చెక్-ఇన్ లగేజీలో నిషేధించి, తీసుకెళ్తే చేతి సంచీలోనే అంది. విమానంలో చార్జింగ్ పెట్టడమూ కుదరదు. బ్యాటరీ చిన్నదే అయినా, ఫోన్‌లా కాకుండా దీని పనే వేడి పుట్టించడం. సూట్‌కేసులో బట్టల మధ్య బటన్ నొక్కుకుపోయి దానంతట అదే వేడెక్కితే చూసేవాళ్ళుండరు. లిథియం బ్యాటరీ ఒకసారి అదుపు తప్పిందంటే లోపలి చర్యలే వేడిని పెంచుకుంటూ పోతాయి. సరుకు గదిలోని హాలాన్ వాయువు మంటను ఆర్పుతుంది గానీ ఆ వేడిని లాగేయలేదు. క్యాబిన్‌లో అయితే సిబ్బంది నీళ్ళు పోసి చల్లబరుస్తారు.

కారడం ఇంకో గొడవ. ఎగిరే విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, సుమారుగా ఊటీ కొండ మీద ఉన్నంత. సముద్ర మట్టంతో పోలిస్తే నాలుగింట మూడొంతుల కంటే కాస్త ఎక్కువ. చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూసే ఉంటారు. సగం ఖాళీ అయిన పాడ్‌లో చిక్కుకున్న గాలి కూడా అలాగే ఉబ్బి, ద్రవాన్ని వత్తిలోంచి బయటికి తోస్తుంది. అది జేబులో ఒలికి చర్మానికి తగిలినా నికోటిన్ లోపలికి పోతుంది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది.

బాత్రూములో ఎవరికీ తెలియకుండా ఒక్క దమ్ము లాగితే ఏమవుతుందంటారా? విమానం టాయిలెట్‌లో పొగను పట్టే యంత్రం ఉంటుంది. చాలా రకాలు గాలిలోని రేణువుల మీద వెలుగు చెదరడాన్ని బట్టి పొగను గుర్తిస్తాయి. అవి పొగాకువా, పుచ్చకాయ ఫ్లేవర్‌వా అని యంత్రం అడగదు. 2018 జులై 10న హాంకాంగ్ నుంచి దాలియన్ వెళ్తున్న ఎయిర్ చైనా బోయింగ్ 737లో కో-పైలటే కాక్‌పిట్‌లో వేప్ పీల్చాడు. ఆవిరి ప్రయాణికుల వైపు పోకుండా గాలిని తిప్పే ఫ్యాన్ ఆపబోయి, కెప్టెన్‌కు చెప్పకుండా పక్కనున్న ఎయిర్ కండిషనింగ్ స్విచ్‌లు ఆపేశాడు. క్యాబిన్‌లో ఆక్సిజన్ తగ్గింది, మాస్కులు ఊడిపడ్డాయి, విమానం 35,000 అడుగుల నుంచి 10,000 అడుగులకు దిగింది. లోపల 153 మంది ప్రయాణికులు. అందరూ క్షేమంగా దిగారు.

చట్టాల విషయంలో మా వాడి దారి మరీ ఇరుకు. లండన్‌లో పెద్దవాళ్ళు కొనొచ్చు, అయితే ఒకసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడ నిషేధించారు. సింగపూర్‌లో 2018 నుంచి కొనడం, వాడటం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. 2025లో తనిఖీలూ శిక్షలూ ఇంకా బిగించారు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దిగుమతి చేస్తే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లండన్‌లో కొన్నది జేబులో వేసుకుని శంషాబాద్‌లో దిగడం కూడా దేశంలోకి తేవడమే.

"మరి బ్రిటన్‌లో డాక్టర్లే ఇస్తున్నారటగా?" అన్నాడు. పొగ మానడానికి సాయంగా వేప్ వాడమని అక్కడి ఆరోగ్య సేవ సిగరెట్ తాగేవాళ్ళకు చెబుతున్న మాట నిజం. కాల్చే అలవాటు లేనివాళ్ళను మాత్రం మొదలుపెట్టొద్దంటుంది. సిగరెట్ పూర్తిగా వదిలేసి దీనికి మారితే హాని తగ్గుతుందన్నదీ నిజం. కానీ మా వాడి మనసులో ఉన్నది అది కాదు. ఇంటి దగ్గర సిగరెట్, ప్రయాణంలో వేప్ అన్నది వాడి లెక్క. అలా రెండూ నడిపేవాడికి ఆ లాభం పెద్దగా దక్కదు. దొంగ సరుకు భయం వేరే ఉంది. 2019 నుంచి 2020 ఫిబ్రవరి దాకా అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని దాదాపు 2,800 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో కారణం, గంజాయి రసాయనమున్న అనధికార పాడ్‌లలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్.

విమానంలో పది గంటలు నికోటిన్ లేకుండా ఎలాగన్నది వాడి అసలు టెన్షన్ అని చివరికి తేలింది. దానికైతే మన మందుల షాపుల్లోనే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. సింగపూర్‌కు మాత్రం అది కూడా అడిగే తీసుకెళ్ళమన్నాను. అక్కడ 1992 నుంచి చూయింగ్ గమ్ నిషేధం, 2004లో వైద్యం కోసం వాడే గమ్‌కు మినహాయింపు ఇచ్చి ఫార్మసిస్టు చేత అమ్మిస్తున్నారు. పూర్తిగా మానాలనిపిస్తే సిగరెట్ పెట్టె మీద ఉన్న 1800-11-2356కు ఫోన్ చేయమన్నాను. ఆ నంబరు రోజూ చేతిలో పట్టుకుని తిరుగుతూ వాడు ఎప్పుడూ చదవలేదట.

గమ్‌ను బబుల్‌గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా కొరికి, ఘాటు తగలగానే బుగ్గకూ చిగుళ్ళకూ మధ్య పెట్టి ఊరుకోవాలి. ఘాటు పోయాక మళ్ళీ కొరకాలి. నికోటిన్ బుగ్గలోంచి లోపలికి పోవాలంటే నోరు క్షారంగా ఉండాలి, అందుకే గమ్‌లో కార్బొనేట్ లాంటి క్షారం కలుపుతారు. అంటే తాతగారి చుట్ట దారే, నిప్పూ పొగా లేకుండా. కాఫీ, కోలా, పండ్లరసం ఆమ్లాలు కాబట్టి గమ్‌కు పావుగంట ముందు నుంచీ అవి తాగకూడదు. ఇంతవరకూ బుద్ధిగా విన్న మా వాడు అక్కడ మాత్రం మొహం ముడుచుకున్నాడు. వాడికి కాఫీ లేకుండా విమానం ఎక్కడమే తెలియదు.